ముందుగది కిటికీ

నా డైరీలలో సాధారణంగా ఎండావానలు, ఆఫీసు పని, ఒంటి ఆరోగ్యం తప్ప మరేమీ ఉండవు. రిటైరయ్యాక వాటిని మొదటినుంచీ వరసగా చదువుతున్నాను. హైదరాబాదుకు వచ్చిన కొత్తలో రాసిన ఒక డైరీ దగ్గరికి వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. అందులో ఎండా లేదు, వానా లేదు. ప్రతి పుటలోనూ ఒకే మనిషి.

"ఈ రోజు అందరికీ కోడిగుడ్డు ఇచ్చారు. అతనికి ఒలిచి ఇచ్చారు."

"అతని పాదానికి కట్టు మారుస్తూ సిస్టరమ్మ చాలాసేపు నవ్వారు. నన్ను చూసి, మందు వేసుకున్నావా అని అడిగి వెళ్లిపోయారు."

"అతను మళ్లీ కనిపించడం లేదు. ముందుగదికి తాళం. కిటికీ కూడా మూసే ఉంది."

నవ్వొచ్చింది గానీ, పుటలు తిప్పుతుంటే పాత అసూయ కూడా లేచి వచ్చింది. ఇన్నేళ్లయినా చెడిపోలేదు. జాడీ అడుగున మిగిలిన ఆవకాయలా అలాగే ఉంది.

నేను యాభై ఆరులో రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు వచ్చినవాళ్లలో ఒకణ్ణి. మాది తెనాలి వైపు. తాత్కాలిక గుమాస్తాని. లక్డీకాపూల్‌లో మా ప్రాంతం వాళ్లం కొందరం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. రెండో ఏడు చలికాలంలో దగ్గితే నెత్తురు పడింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి నా ట్రంకుపెట్టె వరండాలో ఉంది. పెట్టె మీద దుప్పటి మడిచి పెట్టారు. పక్కన నా చెంబు, నా కంచం తోమి బోర్లించారు. వాళ్లను నేను తప్పు పట్టను. వాళ్లకూ ఊపిరితిత్తులు ఉన్నాయి.

ఛాతీ దవాఖానలో కొన్ని నెలలు ఉంచుకుని, ఇక ఇంటి దగ్గర ఉండి మందులు వాడుకోమని పంపించారు. ఏడాది దాటేదాకా మందు మానకూడదు, గాలీ వెలుతురూ వచ్చే గదిలో పడుకోవాలి, పాలు, గుడ్లు తినాలి అన్నారు డాక్టరుగారు. ఆ మాటలు డైరీలో శ్రద్ధగా రాసుకున్నాను. రాసుకున్నది నాంపల్లి స్టేషనులో, మూడో తరగతి ప్రయాణికుల హాల్లో, ట్రంకుపెట్టె మీద. అప్పటికి నా తాత్కాలిక ఉద్యోగం గడువు తీరిపోయింది. తెనాలిలో మా అన్నగారి ఇల్లు ఉంది, ఆ ఇంట్లో పాకే పిల్లలున్నారు. వెళ్లలేదు.

స్టేషనులో ఉంటే మందు వాడటం ఎలా ఉంటుందో వాడినవాళ్లకే తెలుస్తుంది. మాత్రల పొట్లం తల కింద పెట్టుకుంటే చెమటకు ముద్దయ్యేది. బెంచీ దొరికిన రోజు పోలీసు లేపేవాడు. పొద్దున్నే సూదిమందుకు దవాఖానకు పోతే, తిరిగి వచ్చేసరికి పెట్టె ఉంటుందో ఉండదో అని బెంగ. పెట్టె కోసం కొన్ని రోజులు సూది మానేశాను. నాలుగు పాత చొక్కాల కోసం అని ఇప్పుడు అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆ పెట్టె ఒక్కటే నా చిరునామా.

బయటి రోగుల విభాగంలో సిస్టరమ్మను మొదటిసారి చూశాను. మెదక్ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తెల్లచీర, కాన్వాసు బూట్లు, చేతిలో నల్ల గొడుగు. చీటీలు రాసే బల్ల దగ్గర సాయంగా కూర్చునేవారు.

"ఉండేది ఏడ?" అని అడిగారు.

"నాంపల్లి అండి."

"నాంపల్లిల ఏడ?"

"స్టేషను దగ్గర."

"స్టేషన్ దగ్గరనా, స్టేషన్‌లనేనా?"

ఆవిడ కలం మూత పెట్టి నన్ను చూశారు.

"పో బిడ్డా. పెట్టె తెచ్చుకో పో" అన్నారు.

ఆబిడ్స్ పెద్దరోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో పాత బంగళా ఉండేది. ఒక క్రైస్తవ వృద్ధురాలు పోతూ పోతూ దాన్ని వాళ్ల సంఘానికి రాసిచ్చారట. బంగళాను కిరాయికి ఇచ్చి, ఆ కిరాయితో వెనక ఉన్న నౌకర్ల గదుల వరసను సిస్టరమ్మ నడిపేవారు. దవాఖాన నుంచి బయటికి వచ్చి, పోవడానికి చోటు లేనివాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క గది. వరస మొత్తానికి ముందు పొడుగాటి వరండా. ఒక చివర గేటు పక్కన ముందుగది, రెండో చివర వంటశాల గోడను ఆనుకుని వెనకగది. వెనకగది నాది.

మొదటిరోజు ఆవిడ నా చేతిలో తాళం పెట్టారు, దానితోపాటు రెండు చెవులూ.

"రెండు నీయే. నా దగ్గర ఇంకోటి లేదు. పోగొట్టుకుంటె తాళం పగలగొట్టుడే."

"ఒకటి ఆఫీసులో... మీ దగ్గర ఉంచుకోవాలి కదండీ? ఎప్పుడైనా అవసరమైతే?"

"నాకేం అవసరం? నీ గదిల నాకేం పని?" అన్నారు.

అలాగే నడిచింది. ఆవిడ ఎవరి గదిలోకీ వెళ్లేవారు కాదు. పొద్దున్నే రాగిజావ గిన్నె, మందుల డబ్బా పట్టుకుని వరండాలో నిలబడి తలుపు మీద గొడుగు పిడితో తట్టేవారు. మనం తలుపు తీస్తే మందు, తీయకపోతే మళ్లీ వచ్చి తట్టేవారు. తాగి వచ్చినవాణ్ణి కూడా పొమ్మనేవారు కాదు. నాకు ఆ పద్ధతి మొదటినుంచీ నచ్చలేదు. ముందు మందు సరిగా వాడాలి, నడవడి సరిగా ఉండాలి, ఆ తర్వాత గది ఇవ్వాలి. ఏ ఆఫీసులోనైనా ఇదే వరస. ఒకసారి ఆ మాటే అన్నాను.

"దవాఖానల అట్లనే చేసినం గద బిడ్డా, ముప్పై ఏండ్లు" అన్నారు. "మంచిగైతరు, పోయి ఫుట్‌పాత్ మీద పడ్తరు, మళ్ల వస్తరు. మందు ఏడ నిలుస్తది? మనిషి నిలిచిన కాడ నిలుస్తది. గది ముందు. మిగిలిందంత ఎనక."

ఇక ఆ మనిషి సంగతి. అతను నాంపల్లి స్టేషను ముందు జట్కా తోలేవాడు. గుర్రం చచ్చిపోయింది. జట్కా అమ్ముకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే స్టేషను ముందు, జట్కాలు ఆగే చోటే పడుకునేవాడు. ఛాతీ జబ్బు, దానికి తోడు కుడిపాదం మీద మానని పుండు. నాకన్నా పదేళ్లు పెద్ద. ముందుగది అతనిది.

ఆ గదికి తూర్పున కిటికీ ఉంది. దాని అవతల బంగళా పెరడు, వేపచెట్లు. ఇక నా వెనకగదికి పైన వెంటిలేటరు తప్ప ఏమీ లేదు. పొద్దున్నా సాయంత్రం వంటశాల కట్టెల పొగ ఆ వెంటిలేటరు గుండా లోపలికి దిగి, నా దుప్పటిలో పడుకునేది. గాలీ వెలుతురూ వచ్చే గది అని డాక్టరుగారు చెప్పింది నాకు. ఆ గది ఉన్నది అతనికి. అతను మాత్రం ఒక్క రోజూ అందులో పడుకోలేదు. చాప తెచ్చి, తన గది గడపకు అడ్డంగా వరండాలో పరుచుకుని, తాళం వేసిన తలుపుకు వీపు ఆనించి పడుకునేవాడు. రెండు చెవులూ మొలతాడుకు కట్టుకునేవాడు.

పోనీ ఇంటిపట్టున ఉండేవాడా అంటే అదీ లేదు. బుద్ధి పుడితే స్టేషనుకు పోయేవాడు. రెండు మూడు రోజులు పత్తా ఉండడు. వచ్చాక కల్లు వాసన. సిస్టరమ్మ మెట్ల మీద కూర్చుని అతని పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పేవారు.

"రాండ్రి లాట్‌సాబ్. ఊరేగింపు అయిపోయిందా?"

"ఏం ఊరేగింపమ్మా. గాడ దోస్తులున్నరు. జర మాట్లాడొచ్చిన."

"కాలుకు చీమలు గూడ దోస్తులైనట్టున్నయి. ఏందిది?"

"అమ్మా, మెల్లగ. నా గుర్రానికి గూడ నేను గిట్ల నాడా కొట్టలే."

ఇద్దరూ నవ్వేవారు. నేను వరండా అటు చివర నా స్టూలు మీద కూర్చుని, మందు వేళకు వేసుకుని, కఫం డబ్బాకు మూత పెట్టి, డైరీ రాసుకుంటూ ఉండేవాణ్ణి. మందు ఒక్క పూట తప్పలేదు. గది ఊడ్చుకునేవాణ్ణి. నా గ్లాసు నేనే కడుక్కునేవాణ్ణి. ఇవన్నీ ఆవిడ గమనిస్తున్నారనీ, ఒకరోజు ఏదో అంటారనీ ఎదురుచూశాను. ఆవిడ నన్ను చూసి, "మంచిగున్నవా? మంచిది" అని ముందుకు సాగిపోయేవారు. మంచిగా ఉన్నవాడి దగ్గర ఆగడానికి పనేముంటుంది?

దీపావళి వెళ్లాక నా దగ్గు మళ్లీ ముదిరింది. ఇలాగే ఉంటే తిరిగి చేర్చుకోవాల్సి వస్తుందని దవాఖానలో అన్నారు. పొగ సంగతి చెప్పాను. గది మార్చుకోమన్నారు.

నేను ఆఫీసు మనిషిని. గది కావాలంటే ఏం చేయాలో నాకు తెలుసు. ప్రభుత్వ క్వార్టర్ల కోసం ఎందరికో రాసిపెట్టినవాణ్ణి. అరఠావు కాగితం తీసుకుని, మార్జిను మడిచి, సిస్టరమ్మ పేర ఒక అర్జీ రాశాను. విషయం: ముందుగది కేటాయింపు గురించి. సదరు గదిని ప్రస్తుతం అనుభవిస్తున్నవారు దానిని నివాసానికి వినియోగించడం లేదనిన్నీ, వైద్యుల సలహా మేరకు నాకు గాలి, వెలుతురు అత్యవసరమనిన్నీ, మందుల విషయంలోనూ నడవడిలోనూ నా మీద ఏ ఫిర్యాదూ లేదనిన్నీ. ఇప్పటికీ ఆ అర్జీలో తప్పేమీ లేదనే అనుకుంటాను. అన్నీ నిజాలే.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు.

"చెయ్యిరాత ముత్యాల్లెక్క ఉన్నది" అని కాగితం నాకే తిరిగి ఇచ్చారు. "గాని ఆ గది నాది గాదు బిడ్డా. ఆయనది. ఆయన్నడుగు."

"ఆయన్నా? కేటాయించేది మీరు కదండీ?"

"ఇచ్చేదాంక నాది. ఇచ్చినంక ఆయనది. నీ గదినెవరన్న నన్నడిగితే నేనేమంట?"

అతన్ని అడగడం నా వల్ల కాలేదు. జట్కా తోలుకునే మనిషి దగ్గర నిలబడి, అయ్యా మీరు వాడని కిటికీ నాకివ్వండి అని అడగాలా? అర్జీ మడిచి డైరీలో పెట్టాను. ఆఫీసు అలవాటు కొద్దీ దానికి నకలు కూడా రాసి ఉంచుకున్నాను.

ఆ నకలు జనవరిలో పనికివచ్చింది. నాంపల్లి మైదానంలో ఏటేటా పెట్టే ఎగ్జిబిషను, నుమాయిష్, మొదలైంది. రంగుల దీపాలు, లౌడ్‌స్పీకర్లు. జనం బండ్ల మీద, రిక్షాల మీద తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చేవారు. అతను నుమాయిష్ గేటు ముందు గుర్రాలను పట్టుకుని నిలబడే పని దొరికిందని చెప్పి వెళ్లాడు, ఇక రాలేదు. రోజులు గడిచాయి. సిస్టరమ్మ రోజూ అతని తలుపు ముందు ఆగి గొడుగు పిడితో తట్టేవారు. తాళం వేసిన తలుపును, లోపల మనిషి లేడని తెలిసి కూడా. ఆ తర్వాత నా దాకా వచ్చేవారు. ఆ తట్టే చప్పుడు నా ఛాతీలో తగిలేది.

అలాంటప్పుడే సంఘం పెద్దలు ఇద్దరు తనిఖీకి వచ్చారు. ఒకాయన సికింద్రాబాద్ నుంచి, కోటూ టోపీతో. రెండో ఆయన ఎక్కువ మాట్లాడరు. వరండా అంతా చూసి, నా ముందు ఆగి, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగారు. నకలు తీసి ఇచ్చాను.

కోటాయన చదివి తల ఆడించారు. "చూశారా సిస్టరమ్మా! ఈ తమ్ముడు ఎంత పద్ధతైనవాడో. ఆ మనిషి ఎన్నాళ్లనుంచి లేడు?"

"నుమాయిష్ మొదలైనప్పటినుంచి."

"తాగుతాడు. చెప్పకుండా పోతాడు. గదిలో పడుకోడు. ఆ గదేమో గాలికి వదిలేశారు, రోగం ఉన్నవాడేమో పొగలో ఉన్నాడు. ఇది ధర్మమేనా? తాళం పగలగొట్టించండి. ఇవాళే మార్చేద్దాం."

కిటికీ నాదైపోయింది. మంచం ఏ గోడకు వేయాలో కూడా అనుకున్నాను.

సిస్టరమ్మ పైటచెంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు.

"పగలగొడ్దాం. ఇంట్ల పండలేదని ఆయన గది తీస్కుందాం, బాగనే ఉన్నది. మరి రేపు ఈ పిల్లగాణ్ణి దవాఖానల చేర్చుకుంటమన్నరట. నెలో రెండు నెలలో ఉంటడు. అప్పుడు ఈయన గూడ ఇంట్ల పండడు. తాళం పగలగొట్టాల్నా?"

"ఈయన సంగతి వేరండీ. జబ్బుతో పోతాడు."

"ఆయన జబ్బు లేకనే గీడికొచ్చిండా? ఒక్క తాళం పగలగొట్టినమంటే, ఈ వరసల ఏ తాళానికీ తాకత్ ఉండదయ్యా. అందరు పెట్టె పక్కన కూసొని మేలుకుంటరు." నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బిడ్డా. అర్జీ నీదే గద. పగలగొట్టమంటవా?"

నాకు వరండాలోకి వచ్చిన నా ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. తోమి బోర్లించిన కంచం గుర్తొచ్చింది.

"ఉండనివ్వండి" అన్నాను.

కోటాయన ఆశ్చర్యపోయి, నా భుజం తట్టి, క్రీస్తు ప్రేమ లాంటిదేదో అన్నారు. ప్రేమా లేదు, ఏమీ లేదు. నా తాళం కోసం నేను అతని తాళాన్ని కాపాడాను. ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యమే రాశాను: "అతను ఇక్కడ లేకుండానే గెలిచాడు."

నుమాయిష్ ముగిశాక అతను వచ్చాడు. నడిచి రాలేదు, రిక్షాలో ఎవరో తెచ్చి గేటు దగ్గర దించారు. తువ్వాలు నిండా నెత్తురు. పాదం వాచి కుండలా ఉంది. ఆ స్థితిలో కూడా తన గడప దగ్గరికి పాకి, తలుపుకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎందుకు మందు మానేశావని సిస్టరమ్మ అడగలేదు. "వచ్చినవా? మంచిది" అని నీళ్లు కాచడానికి వెళ్లారు. తర్వాత రెండు వారాలు ఆవిడ మొత్తం అతని దగ్గరే. పాలల్లో పసుపు, మెత్తగా పిసికిన అన్నం, దవాఖానకు తనే రిక్షాలో తీసుకుపోవడం. మందు తప్పనివాడికి రాగిజావ, మందు మానినవాడికి పాలు. ఈ లెక్క నాకు ఎప్పుడూ కుదరలేదు.

కాస్త తేరుకున్నాక ఒక మధ్యాహ్నం అతను నన్ను పిలిచాడు.

"గుమాస్తా సాబ్! జర ఇటు రాండ్రి. నా అర్ర మీద దరఖాస్తు పెట్టిన్రట గద?"

"డాక్టరుగారు గాలి కావాలన్నారండి. మీరు ఎటూ వాడటం లేదు కదా అని."

"వాడుతలేనని ఎవరు చెప్పిన్రు?"

"రోజూ బయటే పడుకుంటారు కదా!"

అతను నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక మొలతాడు నుంచి చెవి తీసి తలుపు తెరిచాడు. "రాండ్రి. సూడుండ్రి."

గదిలో మంచం లేదు. గోడకు మేకులు కొట్టి ఉన్నాయి. ఒక మేకుకు కళ్లెం, ఒకదానికి మువ్వల పట్టీ, ఒకదానికి దాణా సంచి. మూలన కొరడా. అన్నిటికీ నూనె రాసి ఉంది. గదంతా తోలు వాసన, గుర్రం వాసన.

"స్టేషన్ కాడ ఇయన్ని తలకాయ కింద పెట్టుకొని పండుకుంటుంటి. ఒక కన్ను మూస్తె ఒక కన్ను తెరుస్తుంటి. ఇప్పుడు ఇయి లోపట ఉన్నయి, నేను బయట ఉన్న. రెండు కండ్లు మూసి పండుతున్న. నాలుగు గోడల నడుమ నాకు ఊపిరాడది సాబ్. ఎన్నడు పండలే."

"మరి అన్నిసార్లు వెళ్లిపోతారెందుకు?"

"తిరిగొస్తున్న గద! ఎనకటికి పోతె తిరిగి వచ్చేటందుకు ఏడ ఉండె?" అని కిటికీ గడియ తీశాడు. వేపచెట్ల గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. మువ్వలు కదిలాయి. అతను రెండో చెవి విప్పి నా చేతిలో పెట్టాడు. "పగటిపూట మీరు పండుండ్రి. సామాను ముట్టొద్దు. పొద్దుగూకంగనే తాళమేసి పోవాలె. నా అర్ర నాదే, ఔ?"

"ఔనండి" అన్నాను.

ఆ వేసవి అంతా పగటివేళ నేను ఆ కిటికీ కింద పడుకున్నాను. సిస్టరమ్మ ఫినాయిలుతో నేల కడిగించి, నా చాప ఎండలో వేయించేవారు. నా గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టుకునేవాణ్ణి. ఉన్నంతసేపూ ఆ జాగా నాదన్నట్టు ఉండేది. దగ్గు తగ్గింది. బరువు పెరిగాను. కఫం పరీక్ష బాగా వచ్చింది. అయినా ఆ కిటికీ కింద నాకు ఒక్కరోజూ కమ్మని నిద్ర పట్టలేదు. తలుపు అవతల, పట్టపగలు, ఎండ కాళ్ల మీద పడుతున్నా అతను గురకపెట్టి నిద్రపోయేవాడు. నాకు అతని కిటికీ దొరికింది. ఆ గురక దొరకలేదు. నా గదికీ రెండు చెవులు ఉన్నాయి, వాటిని నేను రాత్రిళ్లు ట్రంకుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు తాళం వేసి, గోడ పక్కన ఉంచుకుని పడుకునేవాణ్ణి. మందు తప్పితే, మాట తప్పితే, ఎవరో వచ్చి పెట్టె బయట పెడతారని నా ఒంటికి తెలుసు. ఆవిడ ఎన్నిసార్లు కాదన్నా ఒంటికి ఎక్కలేదు. అతని ఒంటికి మాత్రం మొదటిరోజే ఎలా ఎక్కిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వానాకాలం వెళ్లేసరికి నాకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చారు. మళ్లీ పాత ఆఫీసులోనే ఉద్యోగం, ఈసారి పర్మినెంటు. హిమాయత్‌నగర్‌లో ఒక వాటా తీసుకున్నాను. నా రెండు చెవులూ సిస్టరమ్మకూ, అతని చెవి అతనికీ తిరిగి ఇచ్చి వచ్చాను. మర్నాడు మరచిపోయిన గొడుగు కోసం వెళితే, వెనకగది తలుపు దగ్గర ఎవరివో చెప్పులు ఉన్నాయి. ఒక్క రోజు! అతను నెల రోజులు కనబడకపోయినా తాళం కదలలేదు. నేను ఒక్క రాత్రి లేకపోతే నా గదిలో ఇంకొకరి చెప్పులు. ఇది అన్యాయం కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు.

కొన్నాళ్లు అప్పుడప్పుడు వెళ్లివస్తుండేవాణ్ణి. పెళ్లయ్యాక తగ్గింది. డెబ్భైల మొదట్లో ఒక ఆదివారం మొజంజాహీ మార్కెట్‌లో బత్తాయిలు కొంటూ, ఇంత దగ్గరికి వచ్చాను కదా అని సంచీతో ఆ సందులోకి తిరిగాను.

సిస్టరమ్మ బాగా వంగిపోయారు. గొడుగు ఇప్పుడు ఊతకర్ర. నన్ను గుర్తుపట్టి, "మంచిగున్నవా? మంచిది" అన్నారు. ముందుగది గడప దగ్గర చాప మీద అతను కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చేశాడు. పాదం మానింది. ఆబిడ్స్‌లో ఒక సినిమాహాలు సైకిల్ స్టాండు దగ్గర కాపలా పనిలో ఉన్నాడట. మొలతాడుకు ఒక్క చెవే ఉంది.

"అరె, గుమాస్తా సాబ్! బొజ్జ వచ్చింది, నాకు గుర్తే పట్టరాలే."

"మీరు ఇంకా బయటేనా?"

"ఇంక బయటనే. లోపట కిరాయిదారు ఉన్నడు" అని నవ్వి, తలుపు తోశాడు.

కిటికీ కింద, నేను పడుకున్న చోటే, నడివయసు మనిషి ఒకడు పడుకుని ఉన్నాడు. దర్జీపని చేసేవాడట, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. రెండో చెవి నల్ల దారంతో అతని మెడలో వేలాడుతోంది. మువ్వలు, కళ్లెం, దాణా సంచి అవే మేకులకు ఉన్నాయి. వేపచెట్టు బాగా పెరిగి, కొమ్మ కిటికీ దాకా వచ్చింది.

"ఈ సారు నీకన్న ముందు గీడనే పండుతుండె" అని అతను దర్జీకి చెప్పాడు.

దర్జీ లేచి కూర్చున్నాడు. నా కోటు చూశాడు, బూట్లు చూశాడు, చేతి సంచీ చూశాడు. చెయ్యి చాచి తన గ్లాసు తీసుకుని కిటికీ గట్టు మధ్యలో పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే జాగా ఇదీ అన్నట్టు.

"భయపడకు తమ్మీ" అన్నాడు జట్కా ఆయన. "గాయనకు హిమాయత్‌నగర్‌ల ఇల్లున్నది."

సిస్టరమ్మ కూడా వెనకనుంచి, "ఔ, ఈయనకు ఇల్లున్నది" అన్నారు.

ఉంది. నాలుగు గదులు, ప్రతి గదికీ కిటికీ. బత్తాయిలు ఆ గట్టు మీద పెడదామనుకున్నాను, గ్లాసు కొంచెం పక్కకు జరిపితే చోటు సరిపోయేది. జరపలేదు. గడప ఇవతలే, చాప పక్కన పెట్టాను. అతను ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు. మొదటి తొన ఎవరికిస్తాడో చూడకుండా, బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను.